సృజనకు అలవడిన చేయి

1937లో వార్ధా విద్యా సమావేశంలో మహాత్మాగాంధీ ప్రతిపాదించిన విద్యావిధానం ‘నయీ తాలీం’గా ప్రసిద్ధి చెందింది. చేతిపని ద్వారా చదువు నేర్పడం దాని సారాంశం. శాంతినికేతనంలో నందలాల్ బోస్ శిష్యుడైన దేవీప్రసాద్ 1944లో సేవాగ్రామ్ చేరి, అక్కడి బాలలకు చిత్రకళోపాధ్యాయుడయ్యారు.

వంట, వ్యవసాయం, పరిసరాల శుభ్రత అందరూ కలిసి నిర్వహించుకొనే ఆ పాఠశాలలో, నూలు వడికిన చేతులే కుంచె పట్టాయి. కళ ప్రతిభావంతుల సొత్తు కాదని, ప్రతి శిశువుకూ సహజమైన భాష అని ఆయన విశ్వసించారు. పెద్దలు గీసిన బొమ్మకు నకలు తీయించడం కన్న, బాలుని ఊహను గౌరవించడమే బోధన అని భావించారు. సృజనకు అలవడిన చేయి విధ్వంసానికి పూనుకోదని ఆయన తలంపు.

1962లో ఆయన లండన్‌లోని ఒక అంతర్జాతీయ యుద్ధవ్యతిరేక సంస్థకు కార్యదర్శి కావడం ఆ తలంపునకు తగిన కొనసాగింపు. మార్కులు రావని చిత్రలేఖనాన్ని పక్కన పెట్టే పాఠశాలలు, దానితోపాటు దేనిని కోల్పోతున్నాయో యోచింపవలసి ఉంది.