ముందు పటం గీయండి

ప్రశ్న: వెబ్ సిరీస్‌కి సాహస కథ రాస్తున్నాను. నాలుగో ఎపిసోడ్ దగ్గర ఆగిపోయింది. ఏం చేయాలి?

జవాబు: 'ట్రెజర్ ఐలాండ్' నవల రాసిన స్టీవెన్‌సన్‌కీ ఇదే ఇబ్బంది వచ్చింది. 1881లో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో, బయట వాన పడుతుంటే సవతి కొడుకుతో కూర్చుని సరదాగా ఓ దీవి పటం గీశాడు. రేవులు, కొండలు, పేర్లు అన్నీ పెట్టాక అందులోంచే మనుషులు బయటికొచ్చారు. రోజుకో అధ్యాయం చొప్పున 15 రాసి, చతికిలబడ్డాడు. మిగతాది స్విట్జర్లాండ్‌లోని దావోస్ చేరాకే సాగింది. కాబట్టి కంగారు పడకండి.

మీరూ పటంతో మొదలెట్టండి. మీ కథలో కోట ఎక్కడుంది? రేవు నుంచి ఎంతసేపు నడవాలి? కాగితం మీద పెట్టండి. దొంగ ఏ దారిన రాగలడో అప్పుడు మీకే తెలుస్తుంది. ఇంట్లోవాళ్లకీ వినిపించండి, ఆ నవలలో బిల్లీ బోన్స్ అనే పాత్ర పెట్టెలో ఏమేం ఉండాలో జాబితా రాసిచ్చింది స్టీవెన్‌సన్ తండ్రే. ట్విస్టుల గొడవ తర్వాత చూసుకోవచ్చు.