మెలకువ వచ్చినప్పుడు

చిట్టితల్లికి,

నీ సందేహం మీ అమ్మ ఫోనులో చెప్పింది. నైట్ షిఫ్టు దిగి, తెల్లారాక పడుకుని మధ్యాహ్నం ఒంటిగంటకు లేచేదానికి, నిద్రలేవగానే చదివే దువా వర్తిస్తుందా అని అడిగావట. దాని అర్థం చెబితే నీ గదిలో ఉండే అమ్మాయి "లేస్తూనే చావు మాటేంటే!" అందని కూడా విన్నాను.

మొదటిది తేలిక. ఆ దువా పొద్దుటికి సంబంధించింది కాదు, మెలకువకు సంబంధించింది. హుజైఫా (రజి) చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. దైవప్రవక్త (స) చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుంటూ ఏమనేవారో, లేచాక ఏమనేవారో రెండూ అందులో పక్కపక్కనే ఉన్నాయి. లేచినప్పుడు అన్నారే గాని ఫలానా వేళకు లేస్తేనే అనలేదు. కాబట్టి నువ్వు ఫజర్ చదివి, పడుకునే దువా చెప్పుకుని పడుకో. ఒంటిగంటకు కళ్ళు తెరిచాక లేచే దువా, తర్వాత వజూ, జుహర్. అంతే.

ఇక చావు మాట. మీ స్నేహితురాలు అలా అనడంలో తప్పులేదు. మన ప్రాంతంలో పొద్దున్నే అలాంటి మాట ఎత్తితే ఇంట్లో పెద్దవాళ్ళు కసురుతారు. రోజు బాగా గడవకపోతే 'లేచి ఎవరి మొహం చూశానో' అనుకునే జనం మనం. ఆ అమ్మాయి ఇంట్లో లేస్తూనే అరచేతులు చూసుకుని దణ్ణం పెట్టుకునేవాళ్ళు ఉండే ఉంటారు, అడిగి చూడు. మొదటి తలపు దేనిమీద పడాలన్న పట్టింపు ఇద్దరిదీ.

కానీ మన దువాను సగమే వింటే అది చావు మాటలాగే ఉంటుంది. పడుకునేటప్పుడు నా చావూ బతుకూ నీ పేరుమీదేనని అల్లాహ్‌కు చెప్పుకుంటాం. లేచాక, మరణం లాంటి ఆ నిద్ర నుంచి మళ్ళీ బతికించినందుకు ఆయన్ని స్తుతించి, ఒకనాడు లేచి చేరవలసింది ఆయన దగ్గరికేనని ఒప్పుకుంటాం. జుమర్ సూరా 42వ ఆయతులో దీని మూలం కనిపిస్తుంది: నిద్రలోనూ ప్రాణాలను ఆయనే తీసుకుంటాడు, గడువు మిగిలిన వాళ్ళవి తిప్పి పంపుతాడు. రాత్రి అప్పగించిన సొమ్ము తెల్లారి చేతికి తిరిగొస్తే ఇచ్చినవాడిని పలకరించకుండా ఉంటామా? అందుకే పడుకునే దువా వదిలేసి లేచే దువా ఒక్కటే పట్టుకున్నవాళ్ళకు అది రుచించదు. నా మట్టుకు నాకు రెండోదాని కంటే మొదటిదే ముఖ్యం.

లేచాక ప్రవక్త (స) ఏం చేశారో కూడా విను. ఇబ్నె అబ్బాస్ (రజి) కుర్రాడిగా ఉన్నప్పుడు తన పిన్ని మైమూనా (రజి) ఇంట్లో ఒక రాత్రి ఉన్నాడు. ఆమె ప్రవక్త (స) భార్య. ప్రవక్త (స) అర్ధరాత్రి ప్రాంతంలో లేచి కూర్చుని, చేత్తో మొహం మీది నిద్ర తుడుచుకుని, ఆలి ఇమ్రాన్ సూరా చివరి పది ఆయతులు చదివారట. వేలాడుతున్న తోలుతిత్తి నీళ్ళతో వజూ చేసి నమాజుకు నిలబడ్డారట. పిల్లవాడు లేచి పక్కన నిలబడితే చెవి పట్టుకుని కుడివైపుకు తిప్పుకున్నారట. నాకు ఈ హదీసంటే మహా ఇష్టం. నిద్రమత్తు ఆయనకూ ఉండేది, చూశావా!

నువ్వు మొహం తుడుచుకునేలోగా ఫోను తెరవకు. ఆఫీసు మెసేజీలు ఎక్కడికీ పోవు.

వజూ లేకున్నా, నెలసరి రోజుల్లోనైనా ఈ దువా చదవొచ్చు. ఇది సున్నత్, ఫర్జ్ కాదు. మరిచిపోతే దిగులు పడకు. నమాజు సంగతి వేరు, అయినా నిద్రలో తప్పిపోతే అక్కడా దారి ఉంది. ఖైబర్ నుంచి తిరిగొస్తూ ఒక రాత్రి కాపలాకు కూర్చున్న బిలాల్ (రజి) కూడా నిద్రపోయారు. ఎండ తగిలేదాకా ఎవరూ లేవలేదు. ప్రవక్త (స) అందరినీ కొంచెం ముందుకు నడిపించి, అక్కడ ఫజర్ చదివించారు.

ఒక్క జాగ్రత్త. తెలుగు లిపిలో అచ్చైన చిన్న పుస్తకం చూసి నేర్చుకున్నానన్నావు. మనకున్నది ఒకటే 'హ'. అరబీలో రెండున్నాయి, ఈ దువాలో రెండూ వస్తాయి. 'అల్‌హమ్దు'లోది గొంతు మధ్య నుంచి రావాలి, 'ఇలైహి'లోది మామూలుది. ఒకసారి చదివి వాయిస్ మెసేజ్ పెట్టు, విని దిద్దుతాను.

మీ పెద్దనాన్న