చక్రాల ఇంటి ఇంజను

బదిలీ వచ్చిన ప్రతిసారీ మనం ఇల్లు ఖాళీ చేస్తాం. మంచం, పొయ్యితో సహా ఇల్లే వెంట వచ్చే బండి మోటార్‌హోమ్. పాతకాలపు పెట్రోలు మోటార్‌హోమ్‌ను బాగుచేయడం ఎలాగో తెలుసుకుందాం.

ఇంజనుకు గాలి, పెట్రోలు, నిప్పురవ్వ కావాలి. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. పాయింట్లు విడిపోయినప్పుడల్లా కాయిల్ దాన్ని వేల వోల్టులకు పెంచి ప్లగ్గుకు పంపుతుంది. పాయింట్లు అరిగితే రవ్వ బలహీనపడుతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌లో అరిగే పాయింట్లు ఉండవు.

1959లో మొదలైన మన భిలాయి బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోకుకు తగ్గ గాలి ఊదినట్టే, ఇంజనులోనూ 1 గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి కలవాలి. కార్బురేటర్ గాలి వేగంతో పెట్రోలును లాగుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ కొలిచి, ఒత్తిడితో చిమ్ముతుంది.

ఇక్కడే జాగ్రత్త! ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. గొట్టం కారితే మనం పడుకునే చోటే మంట లేస్తుంది. అందుకే ముందు గొట్టాలు, తర్వాత ఇగ్నిషన్, చివరికి ఇంజెక్షన్ మార్చాలి. ఒక్కొక్కటి మార్చి, నడిపి చూడాలి. అన్నీ ఒకేసారి మారిస్తే లోపం ఎక్కడుందో తెలియదు.

ఆలోచించండి: రవ్వ బాగానే ఉండి, పెట్రోలు తగ్గితే ఇంజను ఏమవుతుంది?