మీటరు వెనక చిన్న దీపాలు

ప్రశ్న: మాది పదిహేనేళ్ల నాటి పెట్రోలు కారు. రాత్రిళ్లు మీటరు సగం చీకటి. బోర్డు ఎలాగూ విప్పాలి కాబట్టి బల్బులన్నీ మార్చి ఎల్‌ఈడీలు వేద్దామంటున్నాడు మెకానిక్. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వెలుతురుకి ఉన్న బల్బుల వరకే వేయించండి. ఎర్రటి బ్యాటరీ గుర్తు వెనకున్న బల్బు జోలికి మాత్రం పోనివ్వకండి. చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్‌కు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది. ఎల్‌ఈడీ అంత కరెంటు పోనివ్వదు. అప్పుడు ఇంజిను తిరుగుతున్నా బ్యాటరీ ఛార్జ్ కాకపోవచ్చు. తప్పేమో బ్యాటరీ మీదకు పోతుంది!

మామూలు బల్బులే చాలనుకుంటే పాతది జేబులో వేసుకుని షాపుకెళ్లండి. టీ5 రకం సాధారణంగా 1.2 వాట్లు. టీ10లో 3 వాట్లవీ, 5 వాట్లవీ ఒకే సైజులో వస్తాయి. 3 వాట్ల చోట 5 వాట్లది ఇట్టే కూర్చుంటుంది గానీ, ఆ వేడికి ప్లాస్టిక్ వంకర పోతుంది. కొన్ని మీటర్లలో ఆకుపచ్చ రంగు బల్బుది కాదు, దాని మీది రబ్బరు తొడుగుది. దాన్ని పారేయకండి.

ఎల్‌ఈడీ వెలగకపోతే తీసి, అటుదిటు తిప్పి పెడితే చాలు. దానికి ప్లస్, మైనస్ పట్టింపు ఉంది. బోర్డు బిగించే ముందే పార్కింగ్ లైట్లు వేసి చూడమనండి. నీలం రంగువి మాత్రం వద్దు. రాత్రి హైవే మీద కళ్లలో గుచ్చుకుంటాయి, ఆ మోజేమిటో నాకర్థం కాదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. ఎయిర్‌బ్యాగ్ లైటు ఎప్పుడూ వెలగదు. 'వెలగకపోతే మంచిదేగా' అంటాడు అమ్మినాయన. మా బావమరిది స్నేహితుడే.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మంచిది కాదు. తాళం ఆన్ చేయగానే ఆ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగలేదంటే బల్బు మాడి ఉండాలి, లేదా లోపం కనబడకుండా ఎవరో పీకేసి ఉండాలి. ఇంకాస్త తెలివైనవాళ్లు దాని వైరును ఆయిల్ లైటుకు కలిపేస్తారు. ఆయిల్ లైటూ ఇంజిను స్టార్టవగానే ఆరిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే లైటు బాగుచేయించాక ఇంజిను స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో ఉంచి చూడండి. దానంతటదే ఆరితే సరే. ఆయిల్ గుర్తుతో పాటు వెలుగుతూనే ఉంటే సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టించండి. ఎయిర్‌బ్యాగ్ వైర్లకు టెస్ట్ లాంపు ఎవరినీ తగిలించనివ్వకండి. బ్యాగు అక్కడికక్కడే పేలగలదు.