వేపనూనె నీటిలో కలవాలంటే

పాలలో ప్రతి వెన్న కణం చుట్టూ పలుచని పొర ఉంటుంది. అందుకే వెన్న నీటిలో కలిసి ఉంటుంది. చిలికితే పొర చిరిగి వెన్న పడుతుంది.

మేత అలసందపై పేనుబంకకు వేపనూనె చల్లేటప్పుడు నూనె బొట్లకు ఇటువంటి పొర సబ్బు వల్ల ఏర్పడుతుంది. అయితే నురగరాని బోరునీటిలో సబ్బు తెట్టుకట్టి, నూనె పైకి తేలుతుంది. అది ఒకేచోట పడితే ఆకులు మాడతాయి. మిగతా చేనులో పురుగు మిగులుతుంది. అట్టిచోట నురగ వచ్చేంత కుంకుడురసం వాడండి.

మంచినీరైతే లీటరుకు 5 మి.లీ. నూనె, 1 గ్రాము సబ్బుపొడి చాలు. ముందు సబ్బును కొద్ది నీటిలో కరిగించి, నూనెను కొంచెం కొంచెంగా పోస్తూ చిలకాలి. పాలవలె తెల్లబడిన తరువాతనే మిగతా నీరు కలపాలి.

గాజుగ్లాసులో పది నిమిషాలుంచి చూడండి. నూనె తేలితే చల్లవద్దు. చల్లిన మేతను వెంటనే పశువులకు వేయరాదు.