దుబాయి దరఖాస్తుకు వకీలు కావాలా?

మా అన్న పది తప్పినాడు. దుబాయి పోతానంటే, పట్నంల వకీలును పెడదామని నాయిన కందులమ్మిన పైసలు మూటగట్టినాడు. "ఆగు నాయినా, చదివి చెప్త" అన్నాను.

పది పాసు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఇ.సి.ఆర్. తరగతిది. గల్ఫు కొలువుకు 1983 వలసల చట్టం కింద అనుమతి తప్పదు. అది వాదిస్తే వచ్చేది కాదు. కొలువు ఒప్పందం, వీసా, బీమా సరిగ్గా ఉంటే వస్తుంది. దరఖాస్తు 'ఈ-మైగ్రేట్'లో పెట్టాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, పైన జి.ఎస్.టి. అంతే. ఊళ్ళో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు (చాయ్ మాత్రం మన ఇంట్లోనే తాగుతాడు!).

మరి వకీలెప్పుడు? పోలీసు కేసు పాస్‌పోర్టుకు అడ్డమైతే, ఏజెంటు ముంచితే. అన్నకు ఆ రెండూ లేవు. ఒప్పందం నకలే ఇంకా చేతికి రాలేదు. వచ్చేదాకా మూట విప్పొద్దని నాయినకు చెప్పాను.