నల్లా లోపల ఏముంది?

సికింద్రాబాద్ మోండా మార్కెట్. ఇంకా తెల్లవారలేదు. కూరగాయల బండ్లు వచ్చి ఆగుతున్నాయి. హమాలీలు బస్తాలు దించుతున్నారు. వాళ్ళకు వేడి వేడి చాయ్ కావాలి.

పక్క సందులో ఒక అక్క చాయ్ బండి పెట్టుకుంది. ఆ బండి మీదే ఆమె ఇల్లు గడుస్తుంది. ఆమె చాయ్ అంటే హమాలీలకు ఇష్టం.

ఒకనాడు అక్క స్టీలు సామాన్ల దుకాణంలో ఒక డ్రమ్ము కొన్నది. దానికి అడుగున నల్లా ఉంది. కాచిన పాలు డ్రమ్ములో పోసుకుంటే చాలు. నల్లా తిప్పి కావలసినన్ని పట్టుకోవచ్చు. పని తేలిక అవుతుందని అక్క సంతోషపడింది.

వారం రోజులు బాగానే గడిచింది. తర్వాత ఒకరోజు చాయ్‌లో పోసిన పాలు విరిగిపోయాయి. అక్క 10 లీటర్ల పాలు మోరీలో పారబోసింది. పాలాయనతో కొట్లాడింది. మరునాడు వేరే చోట పాలు కొన్నది. అవీ విరిగిపోయాయి. హమాలీలు రెండు రోజులు చూశారు. మూడో రోజు ఇంకో బండికి పోయారు.

ఆదివారం అక్క తమ్ముడు వచ్చాడు. అతను ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డింగ్ పని చేస్తాడు. పాల డెయిరీలలో, మందుల కంపెనీలలో స్టీలు పైపులు బిగిస్తాడు. అక్క గోడు అంతా విన్నాడు. డ్రమ్మును అటూ ఇటూ తిప్పి చూశాడు. పానా తెచ్చి నల్లా ఊడదీశాడు.

గుప్పుమని వాసన వచ్చింది. నల్లా లోపల పచ్చగా, జిగటగా ఏదో పేరుకుని ఉంది.

"పాలోళ్ళ తప్పు లేదక్కా. తప్పంతా ఈడ ఉన్నది" అన్నాడు తమ్ముడు.

"రోజూ సబ్బు పెట్టి తోముతున్న గదా తమ్మీ!"

"పైన తోమినవ్. లోపల ఎవరు తోమిన్రు?"

అక్క మాట్లాడలేదు. కొంచెంసేపటికి, "కాచిన పాలే పోసిన గదా, మరి ఎట్ల విరిగినయ్?" అని అడిగింది.

"మంచి మాట అడిగినవ్. డెయిరీల గూడ ఇదే సంగతి. చెప్త విను" అన్నాడు తమ్ముడు.

పాలు వచ్చే బాట

సికింద్రాబాద్ వాళ్ళకు లాలాపేటలోని విజయ డెయిరీ ఎన్నో ఏళ్ళుగా తెలుసు. 2023లో రంగారెడ్డి జిల్లా రావిర్యాలలో విజయ వాళ్ళదే ఇంకో పెద్ద డెయిరీ మొదలైంది. ఇలాంటి డెయిరీలలో పాలను ఎవరూ చేత్తో ముట్టరు. పాలు స్టీలు పైపుల్లోనే నడుస్తాయి.

ముందు పాలను 72 డిగ్రీల దాకా వేడి చేస్తారు. 15 సెకన్లు ఆ వేడిలో ఉంచుతారు. వెంటనే 4 డిగ్రీలకు చల్లబరుస్తారు. దీన్ని పాశ్చరైజేషన్ అంటారు. ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ పేరు మీద ఈ మాట వచ్చింది. ఈ వేడికి రోగాలు తెచ్చే క్రిములు చస్తాయి.

కాని పాలు అక్కడ నుంచి ప్యాకెట్ దాకా పోవాలి. మధ్యలో పైపు ఉంది. ఆ పైపు లోపల మురికి ఉంటే క్రిములు మళ్ళీ పాలలో చేరతాయి. అప్పుడు వేడి చేసిన ఫలితం పోతుంది. అక్క బండి దగ్గర కూడా ఇదే జరిగింది. పాలు కాచింది. కాని మురికి నల్లా ఉన్న డ్రమ్ములో పోసింది.

స్టీలు ఎందుకు తుప్పు పట్టదు?

స్టీలులో ఎక్కువ భాగం ఇనుమే. దానిలో క్రోమియం అనే లోహం కలుపుతారు. క్రోమియం గాలితో కలిసి స్టీలు మీద సన్నని పొర కడుతుంది. ఆ పొర మన కంటికి కనపడదు. గీత పడితే పొర మళ్ళీ దానంతట అదే కట్టుకుంటుంది. లోపలి ఇనుమును అదే కాపాడుతుంది.

1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన ఇలాంటి ఉక్కు తయారుచేశాడు. తుపాకీ గొట్టాలకు మంచి ఉక్కు కోసం వెతుకుతుంటే ఇది దొరికింది. ఇప్పుడు అది మన వంటింట్లో ఉంది.

డెయిరీ పైపులకు 304 రకం స్టీలు ఎక్కువగా వాడతారు. దాని 100 కిలోలలో సుమారు 18 కిలోలు క్రోమియం, 8 కిలోలు నికెల్ ఉంటాయి. మందుల కంపెనీలలో 316 రకం ఎక్కువ. అది ఉప్పుకు ఇంకా బాగా తట్టుకుంటుంది.

అయస్కాంతం అంటుకోకపోతేనే మంచి స్టీలు అని కొందరు చెబుతారు. అది పూర్తిగా నిజం కాదు. నికెల్ తక్కువగా ఉండే చవక రకాలకు కూడా అయస్కాంతం అంటుకోకపోవచ్చు. కొన్ని సామాన్ల మీద రకం నంబరు కొట్టి ఉంటుంది. కొనే ముందు దాన్ని చదువుకోవాలి.

అతుకు ఎలా వేస్తారు?

పైపు ఎంత మంచిదైనా అతుకు చెడితే లాభం లేదు.

తమ్ముడు పైపు కొనలను తిన్నగా కోస్తాడు. రెండు కొనలను సందు లేకుండా కలుపుతాడు. కరెంటు మంటతో వాటిని కరిగించి ఒకటి చేస్తాడు. అప్పుడు పైపు బయట, లోపల ఆర్గాన్ అనే గ్యాసు నింపుతాడు. లోపల గాలి మిగిలితే అతుకు మాడిపోతుంది. మాడిన పాకంలా నల్లగా, గరుకుగా అవుతుంది.

బయట నుంచి చూస్తే ఆ అతుకు తళతళ మెరవవచ్చు. లోపలి గరుకులో మాత్రం క్రిములు దాక్కుంటాయి. ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే, అందులో ఒక భాగమంత ఉంటుంది ఒక్కో క్రిమి. దానికి చిన్న గీత కూడా పెద్ద గుంతే. అందుకే సన్నని కెమెరాను పైపులోకి పంపి అతుకులు చూస్తారు. బాగా లేని అతుకును కోసి మళ్ళీ వేస్తారు.

ఇనుము కోసిన చక్రంతో స్టీలు కోయకూడదు. ఇనుప రజను స్టీలుకు అంటితే అక్కడ తుప్పు మొదలవుతుంది. ఇంట్లో ఇనుప పీచుతో తోమినా ఇదే నష్టం.

ఈ పనిలో ప్రమాదం కూడా ఉంది. ఆర్గాన్‌కు వాసన ఉండదు. మూసిన చోట అది నిండితే ఊపిరికి గాలి అందదు. మనిషి ప్రాణం పోవచ్చు. అందుకే గాలి ఆడే చోట, తోడు మనిషిని పెట్టుకుని పని చేయాలి.

నిలవ ఉంటే చెడు

పైపులను కొంచెం వాలుగా బిగిస్తారు. అప్పుడు లోపల చుక్క మిగలకుండా కారిపోతుంది. పైపుకు పక్క కొమ్మ పెడితే దాన్ని వీలైనంత పొట్టిగా పెడతారు. పొడుగు కొమ్మలోకి కడిగే నీళ్ళు సరిగా పోవు. పాలు అందులో నిలిచిపోయి చెడతాయి.

డ్రమ్ముకు నల్లా కూడా అలాంటి కొమ్మే.

డెయిరీలో రోజూ పైపులన్నీ ఊడదీయడం కుదరదు. అందుకని లోపలే కడుగుతారు. ముందు నీళ్ళు పంపుతారు. తర్వాత వేడి కాస్టిక్ సోడా నీళ్ళు పంపుతారు. దానితో జిడ్డు పోతుంది. మళ్ళీ నీళ్ళు. తర్వాత పలచని ఆమ్లం. దానితో పాల గార పోతుంది. చివరికి మళ్ళీ మంచి నీళ్ళు. ఇవన్నీ మెల్లగా పారితే చాలదు. సెకనుకు సుమారు 1.5 మీటర్ల వేగంతో ఉరకాలి. ఆ ఉరవడికే మురికి కొట్టుకుపోతుంది.

కాస్టిక్ సోడా, ఆమ్లం ఒళ్ళు కాలుస్తాయి. ఇంట్లో వాటిని వాడకూడదు.

ఇంజక్షన్ మందులు తయారుచేసే చోట ఇంకా జాగ్రత్త. అక్కడ శుద్ధి చేసిన నీళ్ళు పైపుల్లో రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. చాలా చోట్ల ఆ నీళ్ళను 80 డిగ్రీల వేడిలో ఉంచుతారు. ఆ మందు సూటిగా మనిషి ఒంట్లోకి పోతుంది మరి. ఒక్క చెడ్డ అతుకు ఒక ప్రాణానికి ముప్పు.

అక్క ఏం చేసింది?

తమ్ముడు చెప్పింది అక్క శ్రద్ధగా విన్నది. "నల్లా పారేద్దామా?" అని అడిగింది.

"ఎందుకక్కా? రోజూ ఊడదీసి కడిగితే చాలు" అన్నాడు తమ్ముడు.

అక్క రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. కాగితం తెచ్చి తన చేత్తో ఇలా రాసింది:

1. పాలు అయిపోగానే డ్రమ్ము కడగాలి.
2. నల్లా ఊడదీయాలి. లోపల బ్రష్షుతో తోమాలి.
3. నల్లాను మరిగే నీళ్ళలో వేయాలి.
4. ఆరిన తర్వాతే బిగించాలి.
5. కాచిన పాలు గోరువెచ్చగా గంటల తరబడి ఉంచకూడదు.
6. ఉప్పు నీళ్ళు, బ్లీచింగ్ నీళ్ళు స్టీలులో నిలవ ఉంచకూడదు.

ఆ కాగితాన్ని బండికి అంటించింది. బండి దగ్గర గ్లాసులు కడిగే పిల్లకు చదివి వినిపించింది.

మరునాడు పాలు విరగలేదు. తర్వాత కూడా విరగలేదు. అక్క పాలాయన దగ్గరకు పోయింది. "నిన్ను ఊరికే తిట్టినన్నా, ఏమనుకోకు" అన్నది. ఆయన నవ్వాడు.

నాలుగు రోజులకు హమాలీలు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఒక ముసలాయన బండి మీది కాగితం చూసి, "ఇది ఎవరు రాసిన్రు బిడ్డా?" అని అడిగాడు.

"నేనే రాసిన" అన్నది అక్క. చాయ్ గ్లాసు అందించింది.

కొత్త మాటలు

అతుకు – రెండు ముక్కలు కలిసే చోటు
గార – పాత్రకు లోపల గట్టిగా అంటుకునే పొర
పానా – నట్లు బిగించే, విప్పే పనిముట్టు
రజను – కోసేటప్పుడు రాలే సన్నని పొడి

జవాబులు చెప్పండి

1. కాచిన పాలు కూడా ఎందుకు విరిగిపోయాయి?
2. పైపులను వాలుగా ఎందుకు బిగిస్తారు?
3. అతుకును లోపల కూడా ఎందుకు చూడాలి?

చేసి చూడండి

మీ ఇంట్లో మంచినీళ్ళ డ్రమ్ముకు నల్లా ఉందా? ఈ రోజు ఊడదీసి లోపల చూడండి. ఏం కనిపించిందో రెండు వాక్యాలు రాయండి.